కోబాల్ ప్రాజెక్టు, బయటి నుంచి తప్పుల ఫైళ్లు: అమ్మాయి చేత ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ పూర్తిచేసి ఏడాదిన్నర క్రితం సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) మీద కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడిచే ప్రాజెక్టులో వేశారు. అంతా పాత టెక్నాలజీ. బయటి సంస్థలు పంపే ఫైళ్లను రాత్రిపూట ప్రాసెస్ చేసే ప్రోగ్రాములు తన బాధ్యత. ఆ ఫైళ్లలో తప్పులుంటే జాబ్ (ఆ ప్రోగ్రాముల వరుస) ఆగిపోతుంది, అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. ‘తప్పు వాళ్లది, మాటలు నాకు’ అని బాధపడుతోంది. స్నేహితులంతా ఏఐ, డేటా సైన్స్ అంటున్నారు. ఈమె ఏం చేస్తోందో బంధువులకు చెప్పుకోవడానికే ఇబ్బందిగా ఉంది. ఉద్యోగం మానేసి ఏఐ కోర్సులో చేరమంటున్నాను. రెండు దారులనూ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సు పేరు మారుతుంది గానీ ‘పాత టెక్నాలజీ’, ‘మాన్పించాలా’ అనే మాటలు అలాగే ఉంటాయి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది మాత్రం మీ అమ్మాయి అన్న మాట: ‘తప్పు వాళ్లది, మాటలు నాకు.’ పోలిక కాసేపు పక్కన పెడదాం. ముందు ఆ మాటకు జవాబు కావాలి. కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నేళ్లు నేనూ ఇదే పని చేశాను. ఆ ఫోన్లు నాకూ వచ్చాయి.

ఆ రాత్రి అసలేం జరుగుతుందో మీకు తెలియాలి. ఆ ఫైల్‌లో ఒక్కో వరుసను రికార్డు అంటారు. అందులో ప్రతి వివరానికీ ఓ చోటు, అంటే ఫీల్డ్, ఉంటుంది. ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా ఖాతా నంబరు, దాని తర్వాత సొమ్ము, ఆపైన తేదీ. సొమ్ము ఉండాల్సిన చోట పంపినవాళ్లు ఖాళీ వదిలేశారనుకోండి, ప్రోగ్రామ్ ఆ ఖాళీనే కూడబోతుంది. అంకె కానిదాన్ని లెక్కలోకి తీసుకోమంటే మెయిన్‌ఫ్రేమ్ ఒప్పుకోదు. ఎస్0సి7 అనే కోడ్ ఇచ్చి అక్కడే ఆగిపోతుంది. దాన్నే అబెండ్ అంటారు. మీ ఇంట్లో ఫోన్ మోగేది అప్పుడే.

అలా ఆగడమే పెద్ద నేరమని చాలామంది అనుకుంటారు. కాదు. ఒకసారి మాకు ఫైల్ పంపే సంస్థ ఒకటి ముందురోజు ఫైల్‌నే మళ్లీ పంపింది. ప్రతి రికార్డూ శుభ్రంగా ఉంది. రికార్డుల సంఖ్య సరిపోయింది, మొత్తం సరిపోయింది. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగలేదు, ఎవరికీ ఫోన్ రాలేదు. తెల్లారేసరికి చెల్లింపులన్నీ రెండేసిసార్లు పోస్టయ్యాయి. వాటిని వెనక్కి తిప్పడానికి మాకు రోజులు పట్టింది. ఫైల్ మొదట ఉండే హెడర్ రికార్డులోని తేదీని, వరుస సంఖ్యను నిన్నటివాటితో పోల్చి చూడాలని ఆ ప్రోగ్రామ్ రాసినప్పుడు నాకు తట్టలేదు. ఆ తప్పు నాది. ఆగిపోయే ప్రోగ్రామ్ కన్నా ఆగకుండా తప్పు చేసే ప్రోగ్రామ్‌కు భయపడాలని ఆరోజే తెలిసింది.

అమ్మా, ఇక్కడి నుంచి కొంత నీ కోసం రాస్తున్నాను. మీ నాన్నగారు చదివి వినిపిస్తారు.

బయటి ఫైల్‌ను నేరుగా ఖాతాలు మార్చే అప్‌డేట్ ప్రోగ్రామ్‌కు ఇవ్వకు. దానికి ముందు ఒక తనిఖీ స్టెప్ పెట్టించు. అందులో ప్రతి ఫీల్డ్‌నూ ముందు అక్షరాలుగానే చదువు. అన్నీ అంకెలేనా అని చూసే న్యూమరిక్ టెస్ట్ దాటాకే అంకెగా వాడు. మైనస్ గుర్తు చివరి అంకెలోనే కలిసి ఉండే ఫీల్డ్‌ల దగ్గర జాగ్రత్త. అక్కడ మైనస్ 123 అనేది 12ఎల్ లాగా కనిపిస్తుంది. దాన్ని అక్షరాలుగా ఉంచి టెస్ట్ చేస్తే మంచి రికార్డునే తోసేస్తావు. అవే బైట్లను ప్లస్, మైనస్ గుర్తు ఉండే అంకెల ఫీల్డ్‌గా రీడిఫైన్ చేసి, అంటే మళ్లీ ప్రకటించి, చూడాలి. దశాంశం సంగతీ అంతే. ఫీల్డ్ రూపం చెప్పే మన పిక్చర్‌లో దశాంశం చోటు చూపడానికి రాసే ‘వి’ ఒక్క బైటు కూడా తీసుకోదు. పంపేవాళ్లు వాళ్ల సిస్టమ్ మార్చుకుని, ఎవరికీ చెప్పకుండా నిజమైన చుక్క పెట్టి పంపడం మొదలుపెడతారు. నిన్నటిదాకా నడిచిన జాబ్ ఈ రాత్రి పడిపోతుంది.

ఫైల్ తెరిచినా చదివినా ఏమైందో చెప్పే రెండంకెల కోడ్, ఫైల్ స్టేటస్ గురించి శిక్షణలో చెప్పే ఉంటారు: ఓపెన్‌లో 35 అంటే ఫైల్ దొరకలేదని, 39 అంటే రికార్డు పొడవులాంటి లక్షణాలు కుదరలేదని, రీడ్‌లో 10 అంటే ఫైల్ అయిపోయిందని. చెప్పనిది ఒకటుంది. ఫైల్ స్టేటస్ ఫీల్డ్ ప్రకటించి, దాన్ని చూడటం మర్చిపోతే ప్రోగ్రామ్ లోపాన్ని దాటుకుని ముందుకు పోగలదు. పాత ప్రోగ్రాముల్లో ఇది ఎక్కడెక్కడ ఉందో వెతుకు, చాలా దొరుకుతాయి. మొదటి రీడ్‌లోనే 10 వస్తే అది సెలవు రోజా, పంపడం విఫలమైందా అన్నది ప్రోగ్రామ్‌కు తెలియదు. అందుకే రికార్డులు లేని రోజున కూడా హెడర్, సున్నా లెక్కతో ట్రైలర్ (ఫైల్ చివరి రికార్డు) పంపమని వాళ్లను అడగాలి.

ఇంకొకటి, చాలామంది తడబడేది. మెయిన్‌ఫ్రేమ్‌లో అక్షరాల కోడ్ ఎబ్‌సిడిక్. బయట ఎక్కువగా యాస్కీ. ‘ఎ’ అక్షరం ఇక్కడ హెక్స్‌లో సి1, అక్కడ 41. టెక్స్ట్ ఫైల్‌ను పంపేటప్పుడు మార్చుకోవచ్చు. అంకెలను కుదించి పెట్టే ప్యాక్డ్ డెసిమల్, అంటే కాంప్-3 ఫీల్డ్‌లున్న ఫైల్‌ను కూడా టెక్స్ట్ మోడ్‌లోనే తెస్తే ఆ అంకెలు పాడైపోతాయి. అలాంటి ఫైల్‌ను ఇక్కడ కూర్చుని బాగుచేసే ప్రయత్నం పెట్టుకోకు, మళ్లీ పంపమను.

తప్పు రికార్డును పారేయకు, దిద్దకు. రిజెక్ట్ ఫైల్‌లో వచ్చింది వచ్చినట్టే పెట్టు. పక్కన రికార్డు నంబరు, ఫీల్డ్ పేరు, కారణం రాయి. ‘ఖాళీ ఉంటే సున్నా పెట్టేద్దాం, జాబ్ ఆగదు’ అని పక్కసీటు నుంచి ఎవరో ఒకరు చెబుతారు. అది చిన్న సర్దుబాటులా కనిపిస్తుంది కానీ, ఆ మనిషికి రావాల్సిన సొమ్ము సున్నా అని నువ్వు తీర్పు చెప్పినట్టు. ఆ హక్కు ప్రోగ్రామర్‌కు లేదు. ఎన్ని తప్పులుంటే రిటర్న్ కోడ్ (స్టెప్ ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య) 4తో ముందుకు పోవాలి, ఎన్ని దాటితే 16 ఇచ్చి తర్వాతి స్టెప్పులన్నీ ఆపాలి అన్నది కూడా ఆ వ్యాపారం చూసేవాళ్లు నిర్ణయించి రాసివ్వాలి. అడుగు. రాసివ్వకపోతే మళ్లీ అడుగు.

అప్పుడు ‘మాటలు నాకు’ అన్నది మారుతుంది. ఇప్పుడు ఫోన్ వస్తే నీ దగ్గర ఒక అబెండ్ కోడ్ ఉంది, డంప్ (ఆగిన క్షణంలో మెమరీ నకలు) ఉంది, నిద్రమత్తు ఉంది. రిజెక్ట్ రిపోర్టు ఉంటే ‘4812వ రికార్డు, సొమ్ము ఫీల్డ్‌లో ఖాళీలు, పంపినవాళ్లకు మెయిల్ వెళ్లింది’ అని రెండు నిమిషాల్లో చెప్పి పడుకుంటావు. చెడ్డ ఫైళ్లు రావడం ఆగదు. అవి నీ తప్పు కాదని చూపించే కాగితం మాత్రం నీ చేతిలో ఉంటుంది.

ఇక మీ ఏఐ కోర్సు సంగతి, అయ్యా. ఏఐ మీద నాకు ద్వేషం లేదు. గణితం మీద నిజమైన ఇష్టం ఉన్న పిల్లలను నేనే అటు పంపాను. నా అనుమానమంతా కొన్ని నెలల్లో బతుకు మార్చేస్తామనే కోర్సుల మీద. వాటిలో చాలాచోట్ల పిల్లలకు ఇచ్చేది ఎవరో ముందే శుభ్రం చేసిన డేటా. ఫైల్ తెరుస్తారు, మోడల్ నడుపుతారు, శాతం చూసి సంతోషిస్తారు. ఉద్యోగంలో చేరాక వచ్చే డేటాలో సగం గడులు ఖాళీ, తేదీలు మూడు రకాలు, పోయిన వారం ఉన్న కాలమ్ ఈ వారం లేదు. అక్కడ తెల్లబోయే పిల్లలను చూశాను. దాన్ని వాళ్లు డేటా వాలిడేషన్ అంటారు, స్కీమా అంటారు, డేటా కాంట్రాక్ట్ అంటారు. మీ అమ్మాయి హెడర్, ట్రైలర్, కాపీబుక్ (రికార్డు రూపం రాసి ఉంచే చోటు) అంటోంది. బయటివాళ్లు పంపినదాన్ని పరీక్షించకుండా నమ్మకూడదన్న అలవాటు రెండుచోట్లా అదే. దాన్ని ఆమె జీతం తీసుకుంటూ నేర్చుకుంటోంది. మీరు డబ్బు కట్టి, ఆ అలవాటు నేర్పని చోటికి పంపుతానంటున్నారు.

‘ఏఐ వచ్చి కోబాల్‌నే మార్చేస్తుందట కదా’ అని మీరు అడగబోతారు. కోబాల్‌ను జావాలోకి మార్చడానికి సాయపడే ఏఐ సాధనాన్ని ఐబీఎం 2023లో ప్రకటించింది, నిజమే. కోడ్‌ను చదివి పెట్టడంలో అలాంటివి బాగా ఉపయోగపడతాయి కూడా. కానీ ఒక పాత ప్రోగ్రామ్‌లో ‘ఫలానా సంస్థ ఫైలైతే సొమ్మును 100తో భాగించు’ అని ఉంటుంది. ఎందుకో కోడ్‌లో ఉండదు. ఎప్పుడో ఆ ఒక్క సంస్థ పైసల్లో పంపడం మొదలుపెట్టిందని తెలిసిన మనిషి కావాలి. జావాలోకి మార్చినా, ఇంకోదానిలోకి మార్చినా ఆ మనిషి కావాలి. కోబాల్ 1959లో మొదలైంది, దాని తాజా ప్రమాణం 2023లో వచ్చింది. ఇది రేపు ఉదయం మాయమయ్యేది కాదు.

ఇప్పుడు మీకు ఒక మాట గట్టిగానే చెబుతాను. రాత్రంతా మేల్కొని ఉద్యోగం చేసి వచ్చిన పిల్ల ఇంట్లో వింటున్నది స్నేహితుల పోలికా, బంధువుల ముందు మీ ఇబ్బందీ. ఆమె పని ఏమిటో ఏడాదిన్నరలో ఒక్కసారైనా కూర్చోబెట్టుకుని అడిగారా? అడిగి ఉంటే మీ ఉత్తరంలో ‘పాత టెక్నాలజీ’ అన్న మాట ఉండేది కాదు. ఆమె భయంలో కొంత ఆఫీసు పెట్టింది, కొంత మీరు పెట్టారు. మీ వంతు ఈరోజే తీసేయండి.

పోలిక అడిగారు కాబట్టి మెయిన్‌ఫ్రేమ్ వైపు లోటు కూడా దాచను. ఉద్యోగమిచ్చే సంస్థలు తక్కువ. మార్పు నెమ్మది. రాత్రి ఫోన్లు ఉంటాయి. కొన్ని ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లకు పడిపోయిన జాబ్‌ను రీస్టార్ట్ చేయడం తప్ప ఏమీ ఇవ్వరు. అక్కడ రెండేళ్లు గడిస్తే నిజంగానే నష్టం. అందుకని జేసీఎల్ (జాబ్‌లను నడిపించే భాష), కోబాల్‌తో పాటు డీబీ2 డేటాబేస్ గట్టిగా నేర్చుకోమనండి, పైథాన్ కూడా కాస్త పట్టుకోమనండి. సాధనకు ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ ఉచితం. ఇంట్లో కంప్యూటర్ మీద గ్నూకోబాల్‌తో చిన్న తనిఖీ ప్రోగ్రాములు రాసుకోవచ్చు. ఏఐ మీద నిజంగా ఆసక్తి ఉంటే ఉద్యోగం చేస్తూనే చదవొచ్చు. రాజీనామా చేసి చదవాల్సిన తొందర ఏమీ లేదు.

ఆరు నెలలు చూడండి. ఈలోపు ఆ తనిఖీ స్టెప్ పెట్టే పని తనకు ఇమ్మని మేనేజర్‌ను అడగమనండి. ఇస్తే ఆమె కుదురుకుంటుంది. అడిగినా ఇవ్వకుండా రీస్టార్ట్‌ల దగ్గరే కూర్చోబెడితే ప్రాజెక్టు మార్చమని కోరాలి. దానికీ ఒప్పుకోకపోతే నాకు మళ్లీ రాయండి, ఈసారి ఉత్తరం ఆమెనే రాయమనండి.