నోటీసు బోర్డు చూసి నిద్రపట్టని అమ్మకు

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాడు. విద్యుత్ సహకార సంఘంలో అప్రెంటిస్‌గా చేరి ఎనిమిది నెలలైంది. జూనియర్ లైన్‌మన్ పోస్టులు పడితే రాస్తానంటున్నాడు. మా ఆయనేమో అవన్నీ మానేసి సిటీలో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేరమంటున్నారు. ఫీజు లక్షన్నర, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అట. వాడు తన ఆఫీసు నోటీసు బోర్డు ఫొటోలు తీసుకొచ్చి చూపించాడు, మీకూ పంపుతున్నాను. అందులో ప్రమాదం సర్క్యులర్ చదివిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. సహకార సంఘం, ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కం, సాఫ్ట్‌వేర్, ఈ మూడింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి సార్.

జవాబు: పోలిక అడిగారు, చెబుతానమ్మా. కానీ మిమ్మల్ని లోపల తినేస్తున్నది ఆ సర్క్యులర్. కరెంటు పనిలోకి కొడుకుని పంపిన ప్రతి తల్లీ నన్ను ఏదో ఒక రూపంలో ఇదే అడుగుతుంది. జీతం గురించి మొదలుపెడుతుంది, ప్రమోషన్ల గురించి అడుగుతుంది, చివరికి గొంతు తగ్గించి "వాడు స్తంభం ఎక్కితే క్షేమంగా దిగుతాడా సార్" అంటుంది. అందుకే ముందు ఆ సంగతి మాట్లాడుకుందాం.

సర్క్యులర్‌లో ఏముంది? 11 కేవీ లైన్ మీద పనిచేస్తుండగా ఒక లైన్‌మన్‌కు చేతులు కాలాయి. లైన్ ఆపించి అనుమతి (ఎల్సీ) తీసుకున్నారు గానీ లైన్‌ను ఎర్త్ చేయలేదు. ఇకమీదట లైన్‌ను భూమికి కలిపే డిశ్చార్జ్ రాడ్లు వేయకుండా ఎవరినైనా స్తంభం ఎక్కిస్తే ఆ సెక్షన్ అధికారిదే బాధ్యత. ఇంతే. ఇది చదివి మీరు భయపడ్డారు. నాకు మాత్రం కొంత ధైర్యం వచ్చింది. ప్రమాదం ఎలా జరిగిందో, ఎవరి పొరపాటో నాలుగు లైన్లలో రాసి, అందరూ టీ తాగేచోట అతికించారంటే ఆ సంఘంలో ఎవరికో మనుషుల ప్రాణం మీద పట్టింపు ఉంది. దీనికి పూర్తిగా తిరగబడ్డ పరిస్థితి నేను దగ్గరగా చూశాను. నా దగ్గరికి వచ్చే కుర్రాడొకడు ఒక కాంట్రాక్టర్ దగ్గర లైన్ పనికి కుదిరాడు. తోటివాడు షాక్ కొట్టి పడిపోతే, వాడు బైక్ మీద నుంచి పడ్డాడని చెప్పమన్నారట. అలాంటి చోట నోటీసు బోర్డే ఉండదు. మీరు భయపడాల్సింది అలాంటి చోటికి.

ఎల్సీ అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఆ ఫీడర్‌ను, అంటే అక్కడి నుంచి బయల్దేరే లైన్‌ను ఆపి, రిజిస్టర్‌లో రాసుకుని, లైన్ మీద పనిచేసే మనిషికి ఇచ్చే అనుమతి. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుంటారు. కానీ ఆపిన లైన్‌లోకి కూడా కరెంటు వచ్చే దారులున్నాయి. ఏ మిల్లులోనో జనరేటర్ సరిగా వేరు చేయకుండా ఆన్ చేస్తే వెనక్కి వస్తుంది. పక్కన పోతున్న ఇంకో ఫీడర్ తీగ తెగి దీని మీద పడొచ్చు. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లుంటే, ఆపాల్సింది ఒకటైతే ఆపింది ఇంకొకటి కావొచ్చు. అందుకే లైన్‌లో కరెంటు లేదని పరీక్షించి చూసుకుని, పనిచేసే చోటుకు రెండు వైపులా డిశ్చార్జ్ రాడ్లు వేస్తారు. రాడ్ నుంచి వచ్చే వైరు కొసను ముందు భూమిలో దిగేసిన ఎర్త్‌కు బిగించాలి, ఆ తర్వాతే పొడవాటి కర్రతో రాడ్ కొక్కేన్ని తీగకు తగిలించాలి. పనయ్యాక తీసేటప్పుడు క్రమం తిరగబడుతుంది, తీగ మీది కొక్కెం ముందు, ఎర్త్ చివర. ఈ వరుస తప్పితే కరెంటు ఆ మనిషి గుండా భూమిలోకి పోవచ్చు. ఈ పనిలో ప్రమాదం లేదని నేనెప్పుడూ చెప్పను. కానీ చాలా ప్రమాదాలకు కారణం కనిపెట్టలేనిది కాదు. తొందర, ఫోన్‌లో "ఆపేశాంలే, ఎక్కేయ్" అన్న నోటిమాట, గ్లౌజులు బండి డిక్కీలో ఉండిపోవడం. వీటిని పద్ధతిగా ఉండే చోట, నేర్చుకున్న చేతులతో తగ్గించవచ్చు.

మిగతా ఫొటోలు మీరు చూశారో లేదో. నేను మూడు నాలుగు సార్లు చూశాను. ఒకదాంట్లో శాలువా కప్పుకున్న పెద్దాయన ఉన్నారు. 1988లో హెల్పర్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారని కింద రాశారు. ఇంకొకటి ప్రమోషన్ల జాబితా, ఆరు పేర్లు, అందులో నలుగురు లైన్‌మన్ నుంచి పైకి వెళ్లినవాళ్లు. మరొకటి స్మార్ట్ మీటర్ల మీద రెండు రోజుల శిక్షణకు ఎవరెవరు వెళ్లాలో చెప్పే కాగితం. చివరిది మార్చి 4న లైన్‌మన్ దినోత్సవం రోజు సన్మానం. ఉద్యోగం కోసం ఎవరు నా దగ్గరికి వచ్చినా ఆ సంస్థ ప్రకటనలు చూడొద్దంటాను, అక్కడి నోటీసు బోర్డు చూడమంటాను. బయటివాళ్లకు చెప్పుకునే మాటలు ఎవరైనా బాగానే రాస్తారు. ఎవరు ఎక్కడ చేరి ఎక్కడ రిటైరయ్యారు, ఎవరికి ట్రైనింగ్ ఇస్తున్నారు, దెబ్బ తగిలినవాడి గురించి ఏం రాశారు అన్నవి మాత్రం లోపలివాళ్ల కోసం పెట్టే కాగితాల్లోనే దొరుకుతాయి. మీవాడు ఆ ఐదు ఫొటోలు తీసుకొచ్చి మీకు చూపించాడంటే ఊరికే చూపించలేదమ్మా. నా చోటు ఇలా ఉంది చూడండి అని చెప్పుకున్నాడు. మీరు అందులో ఒక్కదాన్నే చూశారు.

ఇప్పుడు డేటా సైన్స్. మీ వారికి కోపం వచ్చినా సరే, ఈ మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. గణితంలో, ప్రోగ్రామింగ్‌లో ఆసక్తి ఉండి, డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లకు అది మంచి రంగమే. మీవాడికి ఈ రెండూ లేవు, కావాలని వాడు అడగనూ లేదు. ఆ తరహా ఉద్యోగాల్లో మొదటి మెట్టు దగ్గరే డిగ్రీ అడుగుతారు. ఆరు నెలల సర్టిఫికెట్ పట్టుకుని ఇంజనీరింగ్ చదివినవాళ్లతో అదే లైన్‌లో నిలబడాలి. ఆ లైన్ కూడా మునుపటిలా కదలడం లేదు. 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింట్లోనూ ఏడాది చివరికి ఉద్యోగుల సంఖ్య అంతకుముందు ఏడాదికన్నా తగ్గింది. చిన్న చిన్న కోడ్ రాసే, రిపోర్టులు తయారుచేసే మొదటి మెట్టు పనులే ఇప్పుడు ఏఐ చేతికి ముందుగా పోతున్నాయి. కొత్తవాళ్లను నిలబెట్టిన మెట్టు అదే.

"ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. డబ్బు కట్టకముందు ఒప్పందం కాగితం ఇంటికి తెచ్చుకుని నిదానంగా చదవండి. నేను చూసిన చాలా కాగితాల్లో లోపల ఉన్నది "ప్లేస్‌మెంట్ సహాయం" అనే. అంటే కొన్ని ఇంటర్వ్యూలకు పంపుతారు, ఉద్యోగం రాకపోతే వాళ్ల పూచీ లేదు. ఉద్యోగం రాకపోతే ఫీజు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో రాసి సంతకం పెట్టమని అడగండి. ఎలా మాట్లాడతారో చూడండి. లక్షన్నర అప్పు చేసి కట్టి, ఏడాది తర్వాత మళ్లీ వైరింగ్ పనికే వచ్చిన పిల్లలు నాకు తెలుసు. వాళ్లకు పోయింది డబ్బు ఒక్కటే అయితే ఇంత బాధపడను. తండ్రి ముందు తల దించుకుని కూర్చునే ఆ కుర్రాళ్లను చూస్తే మనసు కలుక్కుమంటుంది. తప్పు వాళ్లది కాదు కదా.

మీ ఉత్తరంలో రాయని మాట ఒకటుంది. లైన్‌మన్ అంటే బంధువుల్లో చెప్పుకోవడానికి మీ వారికి నామోషీగా ఉందేమో. అదే అయితే ఇద్దరూ వినండి. 2019లో తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఆడవాళ్లు పనికిరారని నోటిఫికేషన్ ఇస్తే, ఆడపిల్లలు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు అనుమతిస్తే స్తంభం ఎక్కి చూపించారు. సిద్దిపేట జిల్లా అమ్మాయి శిరీష 2022లో ఉద్యోగంలో చేరింది. కోర్టుకెక్కి మరీ సాధించుకున్న పనిని మీవాడు ఇష్టపడి చేస్తుంటే మీరు తలదించుకోవడం ఏం న్యాయం? గాలివాన రాత్రి ఊరంతా చీకటైతే మీరు ఫోన్ చేసేది ఎవరికి? ఆ మనిషి బురదలో వచ్చి ఫ్యూజ్ వేసి వెళ్లేదాకా గుమ్మంలో నిలబడి ఎదురుచూసేది మనమే. అదే మనిషి మన ఇంటి పిల్లవాడైతే చిన్నతనమా?

సరే, పోలిక. సహకార సంఘం అంటే కరెంటు వాడుకునేవాళ్లే సభ్యులు, వాళ్లు ఎన్నుకున్న పాలకవర్గం నడుపుతుంది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఆర్‌ఈసీ ఏర్పడ్డాక దేశంలో ప్రయోగంగా పెట్టిన ఐదు సంఘాల్లో మన సిరిసిల్ల ఒకటి, 1970లో మొదలైంది. కర్ణాటకలో హుక్కేరి కూడా అప్పటిదే. తర్వాత అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పంలోనూ వచ్చాయి. ఇలాంటి సంఘాలు డిస్కం దగ్గర టోకున కరెంటు కొని తమ మండలాల్లో పంపిణీ చేస్తాయి. కాబట్టి బదిలీ అయినా ఆ నాలుగు మండలాల్లోనే, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. స్తంభం ఏ ఊళ్లో ఉందో, ఏ రైతు మోటారు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కిందకు వస్తుందో కొన్నాళ్లకు నోటికి వచ్చేస్తుంది, అది చిన్న విషయం కాదు.

లోటుపాట్లూ ఉన్నాయి. చిన్న సంస్థలో పై పోస్టులు తక్కువ, ప్రమోషన్ నెమ్మదిగా వస్తుంది. పాలకవర్గం ఎన్నికలతో వస్తుంది కాబట్టి రాజకీయాలు లోపలికి వస్తాయి. బకాయిలు పేరుకుంటే సంఘం మనుగడకే ముప్పు. సిరిసిల్లతో పాటు మొదలైన మహారాష్ట్రలోని ములా-ప్రవర సంఘం పరిధి 2011లో అక్కడి ప్రభుత్వ డిస్కం మహావితరణ్ చేతికి వెళ్లిపోయింది, అక్కడి ఉద్యోగులు నానా తిప్పలు పడ్డారు. డిస్కం పెద్దది, ప్రభుత్వ సంస్థ, పోస్టులు ఎక్కువ, కానీ పోటీ కూడా అంతే, బదిలీలు జిల్లాలు దాటతాయి. నన్నడిగితే ఇందులో ఒకటి ఎంచుకోవాల్సిన పనే లేదు. రెండు చోట్లా అడిగేది ఇంచుమించు ఇదే చదువు, ఇవే చేతులు. నోటిఫికేషన్ ఎక్కడ పడితే అక్కడ రాయమనండి.

ఒక్క విషయంలో మాత్రం మీవాడికీ గట్టిగా చెప్పాలి. అప్రెంటిస్ అయినంత మాత్రాన ఉద్యోగం వచ్చేసినట్టు కాదు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణ ఇచ్చిన సంస్థ తప్పకుండా ఉద్యోగం ఇవ్వాలని లేదు. ఏడాదిలో మిగిలిన నాలుగు నెలల్లో శిక్షణ పూర్తిచేసి, పరీక్ష రాసి అప్రెంటిస్ సర్టిఫికెట్ చేతికి తెచ్చుకోవాలి. మధ్యలో మానేస్తే ఈ ఎనిమిది నెలలూ వృథా. అక్కడ కొత్తగా తీసుకుంటున్నవాళ్లను రెగ్యులర్‌గా తీసుకుంటున్నారా, అవుట్‌సోర్సింగ్‌లోనా, జీతాలు డిస్కం స్కేళ్ల ప్రకారమా కాదా అన్నవి ఆఫీసులో సీనియర్లను అడిగి తెలుసుకోమనండి. నోటిఫికేషన్ ఆలస్యమైతే డిప్లొమా గురించి ఆలోచించవచ్చు. ఐటీఐ చేసినవాళ్లు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. డిప్లొమా ఉంటే సబ్ ఇంజనీర్ పోస్టులకూ రాయొచ్చు.

పాతకాలం పని అనుకోవద్దు. 2024లో కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ వచ్చాక ఇళ్ల మీద సోలార్ పలకలు పెరుగుతున్నాయి. అంటే ఇంటి నుంచి లైన్‌లోకి కూడా కరెంటు వస్తోంది. లైన్‌లో కరెంటు ఆగితే ఇంటి సోలార్ ఇన్వర్టర్ దానంతటదే ఆగాలి, ఆగిందో లేదో తెలుసుకుని ఎక్కాల్సింది లైన్‌మన్. స్మార్ట్ మీటర్లతో మీటర్ రీడింగ్ పని తగ్గిపోవచ్చు గానీ, తెగిన తీగ కలపడానికి మనిషి ఎక్కాల్సిందే. కంప్యూటర్ అంటే నిజంగా ఇష్టం ఉంటే ఆ మీటర్ల డేటా ఎలా చూడాలో ఉద్యోగంలో ఉంటూనే నేర్చుకోవచ్చు.

మీరు నన్ను అడిగారు గానీ వాణ్ణి ఒక్క ప్రశ్నా అడగలేదమ్మా. ఈ రాత్రి అన్నం వడ్డిస్తూ అడగండి. డిశ్చార్జ్ రాడ్ వేసేటప్పుడు ఏ కొస ముందు బిగిస్తావురా, తీసేటప్పుడు ఏది ముందు తీస్తావురా అని. తడుముకోకుండా చెప్పాడంటే వాడికి పని సరిగ్గా నేర్పుతున్నారు. తడబడితే మర్నాడే వాళ్ల ఫోర్‌మన్‌ను కలిసి, మా వాడికి ఇది మళ్లీ చేయించి చూపించండి అని అడగమని మీ వారికి చెప్పండి. సిటీకి వెళ్లి ఫీజు కట్టే పని ఈలోపు ఆపండి. వాడేం చెప్పాడో నాకు రాయండి.