సెకండ్ హ్యాండ్ జాయింటర్ కొంటున్నవా తమ్మీ, జర గిది సదువు

పోయిన వారం మిర్యాలగూడ పిల్లగాడొకడు ఫోన్ జేసిండు, అమెరికా వచ్చి ఏడాది గూడ కాలే, అన్నా దేవుని మందిరం నేనే జేసుకుందామనుకుంటున్న, పాత ఆరించుల జాయింటర్, అంటె ఆరించుల వెడల్పు దాకా చెక్కను సాపుగ చెక్కే కరెంటు మిషన్, అగ్గువకు దొరుకుతుంది తీస్కోవాల్నా వద్దా అని. తీస్కో అన్న, కని ఫోన్ల చెప్పింది సగమే, మిగిలింది గీడ రాస్తున్న.

తెల్వనోళ్లకు ఒక ముచ్చట. మన ఊర్ల వడ్లాయన తోపడ పడ్తడు గద, ఆడ చెక్క కదలదు తోపడ కదుల్తది, గీడ ఉల్టా, బ్లేడ్లు ఒక్క తాన్నే తిరుగుతుంటయ్ మనం చెక్కను వాటి మీదికెళ్లి నూకాలె. ఇన్‌ఫీడ్ టేబుల్ మీద పెట్టి నూకితే చెక్కుడయినంక అవుట్‌ఫీడ్ టేబుల్ మీదికి పోతది. మిషన్ అంతా గీ రెండు టేబుళ్ల మీదనే ఉంటది. తుప్పు జూసి భయపడకు, డబ్ల్యూడీ-40 కొట్టి స్క్రబ్ ప్యాడ్‌తోని రుద్దితే పోతది, తర్వాత వ్యాక్స్ రాయాలె, సిలికాన్ ఉన్న కార్ వ్యాక్స్ మాత్రం వద్దు, అది చెక్కకంటితే పాలిష్ పట్టది.

కొనేకాడ జూడాల్సింది టేబుళ్లు రెండూ ఒక్క సాపుల ఉన్నయా లేవా అని. నేను మొదట్ల స్పిరిట్ లెవెల్ పెట్టి సూసి బాగుందనుకున్న, ఉత్త పిచ్చి పని, స్పిరిట్ లెవెల్‌కు గంత సన్న తేడా దొరకది. ఇన్‌ఫీడ్‌ను అవుట్‌ఫీడ్ ఎత్తుకు లేపి రెండింటి మీదికెళ్లి పొడుగు స్టీలు పట్టీ పెట్టాలె, కింద సందుల ఫీలర్ గేజ్ దూర్చి సూడాలె, గదే, మన బండి మెకానిక్ వాల్వ్ గ్యాప్ సూసే రేకులు. ఇంచుల వెయ్యో వంతులు ఐదారు దాకా సందు ఉన్నదంటె పని చెడ్తది. చివర్లు కిందికి వంగినయంటె చెక్క అంచు నడుమ లోతు అయితది, రెండు చెక్కలు కలిపి వెల్తురుకు పడితె నడుమల సందు కనవడ్తది. షిమ్‌లు, అంటె ఎత్తు సరిజేసెతందుకు సందుల దూర్చే సన్న రేకులు, పెట్టే ముందు టేబుల్ పక్కన గిబ్ స్క్రూలు, అంటె టేబుల్ జారే గాడిని బిగించేటియి, వదులున్నయా సూడు, సగం సార్లు గాడ్నే ఉంటది రోగం. గవి బిగించినా తక్కువైతె అప్పుడు కోక్ డబ్బా రేకు కత్తిరించి షిమ్ పెట్టు.

ఇంగో మాట, మిషన్‌ను ట్రక్కులకు ఎక్కించేటప్పుడు టేబుల్ చివర్లు పట్టి లేపొద్దు, నేను గట్లనే లేపి రెండు నెల్లు తిప్పలు పడ్డ.

ఇగ అసలు పని అవుట్‌ఫీడ్ ఎత్తు. ప్లగ్ పీకి పక్కకు పెట్టినంకనే చెయ్యి పెట్టు, ఇది మర్లెయొద్దు. అవుట్‌ఫీడ్ బ్లేడ్ పైఅంచుకు సమానంగుండాలె. కిందికుంటె చెక్క తోక దగ్గర గుంత పడ్తది, పైకుంటె చెక్క మొదలు టేబుల్‌కు తట్టి ఆగుతది, లేకుంటె చెక్కుడు పోంగ పోంగ సన్నగైతది. ఒక సాపు కర్రముక్క అవుట్‌ఫీడ్ మీద పెట్టి బ్లేడ్ల డ్రమ్మును చేత్తోని మెల్లగ తిప్పు, బ్లేడ్ కర్రను తాకి 3 మిల్లీమీటర్ల దాకా గుంజుకపోవాలె. మూడు బ్లేడ్లు, రెండు కొసల్ల ఒక్క తీరు గుంజాలె. ఒకటి ఎక్కువ గుంజితె ఆ బ్లేడ్ ఎత్తుగున్నట్టు. సరి జేసినంక బ్లేడ్ స్క్రూలన్నీ కొంచెం కొంచెం తిప్పుకుంట బిగించు, ఒకటే సారి ఒకదాన్ని గట్టిగ బిగిస్తె బ్లేడ్ జరుగుతది. వదులైన బ్లేడ్ తిరిగేటప్పుడు ఎగిరితే ఏమయితదో చెప్పాల్నా?

ఫెన్స్‌కు, అంటె చెక్కను పక్కకెళ్లి ఆనిచ్చే నిలువు పట్టీకి, గునియా పెట్టి 90 డిగ్రీలు సూడు, ఐదు నిమిషాల పని.

మొదలు పెట్టినంక ఒక్క పాస్‌ల ఇంచులో ముప్పై రెండో వంతే తీయి, అడుగు కంటె చిన్న ముక్క పెట్టకు, చేతులు బ్లేడ్ మీదికి పోకుండ పుష్ బ్లాక్‌లు, అంటె చెక్కను నూకే పిడి దిమ్మెలు, వాడు.

పిల్లగాడు ఆఖరుకు అడిగిండు, ఇంటికి వాపస్ పోయేటప్పుడు పట్కపోవచ్చా అని. ఎందుకురా అన్న, గీడి మోటర్ 120 వోల్టులు 60 హెర్ట్జ్, ఆడ 230 వోల్టులు 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా హెర్ట్జ్ మారది, స్పీడ్ ఆరింట్ల ఒక వంతు తగ్గుతది, మీ ఊర్లె వడ్లాయన తోపడనే నయం.