పాత కార్ల లాంగ్ ర్యాలీల్లో నావిగేటర్‌గా వెళ్ళాలంటే కార్ల గురించి తెలియాలా?

అడిగినవారు ప్రశ్న కింద ఇంకో ముక్క కూడా చేర్చారు: "నాకు డ్రైవింగ్ రాదు. పక్క సీట్లో కూర్చుని దారి చెప్పడమేగా, నేను చేయగలనా?" అని.

డ్రైవింగ్ నాకూ రాదండి. లైసెన్సు లేదు, తీసుకునే ఉద్దేశమూ లేదు. మా మావయ్యగారి 1984 మార్క్ 4 అంబాసిడర్‌లో పక్కన కూర్చుని దారి చెప్పేది మాత్రం నేనే. మా ఆయనకి ఆ కారులో పెట్రోలు వాసనకే కళ్ళు తిరుగుతాయి, అందుకని ఆ సీటు నాకొచ్చింది. అయితే "దారి చెప్పడమేగా" అన్న చోట నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. జవాబు ఇంత పొడుగ్గా ఉండటానికి కారణం అదే.

కార్ల గురించి తెలియక్కర్లేదు, ఎక్కాలు వస్తే చాలు. పెళ్ళికి ముందు నేను రైసుమిల్లులో లెక్కలు రాసేదాన్ని. తరుగు ఎంత, తేమ ఎంత, హమాలీకి ఎంత, లారీ బయల్దేరేలోపు నోటితోనే తేల్చెయ్యాలి. ర్యాలీలో చేసేదీ ఇంతే. పాత కార్ల పోటీల్లో చాలావరకు ఎవరు ముందొచ్చారని చూడరు. ఇంత సగటు వేగంతో, ఫలానా చోటికి, ఫలానా సెకనుకి రావాలంటారు. ఆలస్యమైతే పెనాల్టీ, ముందొచ్చినా పెనాల్టీ. గంటకి 30 కిలోమీటర్ల వేగమంటే కిలోమీటరుకి 120 సెకన్లు. 36 అంటే 100, 40 అంటే 90, 45 అంటే 80, 48 అంటే 75. ఇవి నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఏ డ్రైవర్నైనా అడిగి చూడండి, "మా బండి వంద దాటుతుంది తెలుసా" అంటాడు. ఎవడడిగాడు?

1955లో ఇటలీలో మిల్లే మిలియా పందెం స్టిర్లింగ్ మాస్ గెలిచాడని కార్ల పిచ్చి ఉన్న ప్రతివాళ్ళూ చెబుతారు. పక్కన కూర్చున్న డెనిస్ జెంకిన్సన్ పేరు ఎంతమంది నోట వస్తుంది? ఆయన గడ్డం పెంచుకున్న ఒక పత్రికా రచయిత. దాదాపు 1,600 కిలోమీటర్ల దారిని ముందే తిరిగొచ్చి, మలుపులన్నీ రాసి, అయిదు మీటర్లకి పైగా ఉన్న కాగితం చుట్ట చేసి, అల్యూమినియం పెట్టెలో పెట్టుకుని తిప్పుకుంటూ వెళ్ళాడు. పైకప్పు లేని మెర్సిడెస్ కారు, ఆ గాలికీ మోతకీ మాట వినపడదు, అంతా చేతి సైగలే. ఉదయం 7:22కి బయల్దేరారు కాబట్టి కారు నంబరు 722. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేశారు. దారిలో ఆయనకి వికారమొచ్చి బయటికి వంగితే కళ్ళజోడు గాలికి ఎగిరిపోయింది. జేబులో ఇంకో జోడు ఉంది కాబట్టి సరిపోయింది. నావిగేటరంటే ఆ రెండో జోడు పెట్టుకెళ్ళేవాడు అని నా ఉద్దేశం.

మా మావయ్యగారు దీన్ని ఒప్పుకోరు. ఆయన దేవుడు 1968 లండన్-సిడ్నీ మారథాన్ కార్ల ర్యాలీ. ఢిల్లీ మీదుగా బొంబాయి వచ్చి, అక్కడ కార్లు ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్ళాయి. చివర్లో ముందున్న సిట్రోయెన్‌కి ప్రమాదం జరిగి, మామూలు కుటుంబాలు వాడుకునే హిల్‌మన్ హంటర్ గెలిచింది. "చూశావా, నడిపేవాడిలో ఉండాలి" అంటారు. ఆ హంటర్‌లో ముగ్గురున్నారండీ అంటే, చెవిటివాడి ముందు శంఖమే.

సరే, మా గోదావరి సంగతికొస్తాను. మా వైపు జరిగింది పేరున్న పోటీ ఏమీ కాదు, పాత కార్లున్న పరిచయస్తులంతా కలిసి పెట్టుకున్నది. రాజమండ్రిలో బయల్దేరి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా కోనసీమంతా చుట్టి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరాలి. ఫోన్లన్నీ బయల్దేరేటప్పుడే కవర్లో పెట్టి సీలు వేసేశారు. చేతికి రోడ్‌బుక్ ఇచ్చారు. అందులో ప్రతి గడిలోనూ మొత్తం దూరం, కిందటి గడి నుంచి ఇక్కడికి దూరం, మధ్యలో ఒక బొమ్మ. చుక్క దగ్గర మీరున్నట్టు, బాణం ఎటుంటే అటు పోవాలన్నట్టు. హాలండ్‌లో జరిగే ట్యూలిప్ ర్యాలీ పేరు మీద వీటిని ట్యూలిప్ బొమ్మలంటారు. రాసినాయన హైదరాబాదు మనిషి, కానీ శ్రద్ధ గలవాడు. కాలువ పక్కనున్న ప్రతిచోటా బొమ్మలో చిన్న అలల గీత గీశాడు.

ఆ గీత విలువ డెల్టాలో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ మాకు రోడ్డంటే చాలాచోట్ల కాలువ గట్టే. కాలువ ఎటు వంగితే రోడ్డూ అటే. తూర్పు, పడమర అని మొదలుపెడితే పొద్దుగూకినా ఊరు చేరరు. ఎడమా కుడా అన్నదానికంటే నీళ్ళు ఏ చేతివైపున్నాయన్నదే అసలు సంగతి. తప్పు గట్టెక్కితే ఎదురుగా ఊరు కనిపిస్తూనే ఉంటుంది, వంతెన మాత్రం ఎక్కడో ఉంటుంది.

ఇంతకీ ఆరోజు పొద్దున్న. దాళ్వా కోతల కాలం, పది దాటేసరికే ఎండ మాడ్చేస్తోంది. సగటు 36. బొబ్బర్లంక దగ్గర మొదలైన సెక్షను. లొల్ల లాకుల దగ్గర పెద్ద కాలువ చీలుతుంది. చీలిన ప్రతి కాలువకీ రెండు గట్లు, గట్టుకో దారి. పుస్తకంలో బాణం ఎడమకి ఉంది, అలల గీత కుడిపక్కనుంది.

"ఎడమ" అన్నాను.

ఇక్కడో మాట. కోడలు మావగారితో మాట్లాడాలంటే "మావయ్యగారూ, కాస్త ఎడమవైపుకి తిప్పుకోండి" అనాలి కదా. అంత వాక్యం పూర్తయ్యేలోపు మలుపు వెనక్కి పోతుంది. అందుకని కారెక్కాక గారూ, అండీ ఏమీ లేవని ముందే ఒప్పందం చేసుకున్నాం. ఎడమ, కుడి, తిన్నగా, సెకన్ల అంకె, అంతే. మా అత్తయ్యగారికి ఈ ఒప్పందం సంగతి ఇప్పటికీ తెలియదు.

ఆయన స్టీరింగు కుడికే తిప్పబోయారు. "నాకు తెలియని గట్టా ఇది? మా మేనత్త ఊరికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళేవాణ్ణి."

"ఎడమ. నీళ్ళు కుడిచేతికి."

గొంతు సవరించుకుని ఎడమకే తిప్పారు. మాట్లాడలేదు. హ్యాండ్ గేరు మాత్రం కొంచెం గట్టిగా లాగారు.

ఒక కిలోమీటరు వెళ్ళామో లేదో, కాలువకి అవతలి గట్టు మీద తెల్ల ప్రీమియర్ పద్మిని కారు కనిపించింది. ఇద్దరు కుర్రాళ్ళు. మా కంటే ముందు బయల్దేరినవాళ్ళే, ఎక్కడో ఆగి ఉంటారు. మాకు సరిగ్గా ఎదురుగా, మాతో సమానంగా వస్తున్నారు. వాళ్ళ సగటూ 36, మా సగటూ 36. వాళ్ళ నావిగేటరు లెక్కలో దిట్టే, నేనూ తీసిపోను. దాంతో ఎవరూ ముందుకి పోరు, ఎవరూ వెనకబడరు. నడుమ కాలువ, అటో పాత కారు, ఇటో పాత కారు. ఎంతసేపలా వెళ్ళామో! కొబ్బరిచెట్లు అడ్డమొచ్చినప్పుడు మాయమవుతారు, మళ్ళీ కనపడతారు. ఆ కుర్రాడు కిటికీలోంచి సగం బయటికొచ్చి "అంకుల్, రాంగ్ రూట్! ఇటు రండి!" అని కేక.

ఎలా వస్తాం? ఈదుకుంటూ రావాలా?

"చూశావా, వాళ్ళు నేను చెప్పిన గట్టు మీదే ఉన్నారు" అన్నారు మావయ్యగారు.

"వాళ్ళకి నీళ్ళు ఎడమచేతికున్నాయి, మావయ్యగారూ" అన్నాను. ఒప్పందం పక్కనబెట్టి గారూ అన్నది అప్పుడే. అలా అంటే ఇక ఎదురు చెప్పరని నాకు తెలుసు.

ఇంతలో మా గట్టు మీద ధాన్యం. సగం రోడ్డు కాదు, మొత్తం రోడ్డూ. బరకాలు పరిచి ఆరబోశారు. ఒక పెద్దావిడ కాళ్ళతో గింజ తిరగేస్తోంది. హారన్ కొట్టబోతే నేనే వద్దన్నాను. ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "పెళ్ళికెళ్తున్నారామ్మా?" అంది. పందెమండీ అన్నాను. "పందెమా? ఇంత నెమ్మదిగానా?" అని నవ్వుకుంటూనే బరకం అంచు మడిచి మాకు దారిచ్చింది. రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారని పట్నం నుంచొచ్చినవాళ్ళు విసుక్కుంటారు. ఊరూరా ఆరబెట్టుకోవడానికి కళ్ళాలు కట్టించి అప్పుడు విసుక్కోమనండి. తేమ ఎక్కువుందని మిల్లులో రేటు ఎలా కోస్తారో నేను రోజూ చూసినదాన్ని.

అక్కడ 40 సెకన్లు పోయాయి. 36 బదులు 45లో నడిపితే కిలోమీటరుకి 20 సెకన్లు కలిసొస్తాయి. రెండు కిలోమీటర్లు 45, తర్వాత మళ్ళీ 36. "45" అన్నాను. రెండు కిలోమీటర్లయ్యాక "36" అన్నాను. ఆయన వేగం తగ్గించిన కాసేపటికి గడ్డిమేటు వెనక రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, స్టాప్‌వాచీ పట్టుకున్న మనిషి. ఎక్కడుందో ముందే చెప్పకుండా టైము చూసే రహస్య టైమ్ కంట్రోలు! మా పెనాల్టీ మూడు సెకన్లు. పద్మిని కుర్రాళ్ళు వంతెన దొరికి వెనక్కొచ్చేసరికి ఆ సెక్షన్‌లో వాళ్ళ లెక్క పూర్తిగా మునిగింది.

అంబాజీపేటలో టీ తాగేటప్పుడు మావయ్యగారు నలుగుర్నీ పోగేసి, "లాకుల దగ్గర ఎడమే అని నాకు ముందే తెలుసు" అని చెబుతున్నారు. నేను బిస్కెట్ తింటూ విన్నాను.

నా అభిప్రాయం అడిగితే, ఊరు తెలిసిన డ్రైవరంత ప్రమాదం ర్యాలీలో ఇంకోటి లేదు. తెలియనివాడు పుస్తకం వింటాడు. తెలిసినవాడు మేనత్తని తలుచుకుంటాడు. 1907లో కార్ల పందెంలో పెకింగ్ నుంచి పారిస్‌కి వెళ్ళిన బోర్ఘీస్ ప్రభువుకి ఆ దారిలో మేనత్తలెవరూ లేరు కాబట్టే ముందు చేరాడని నాకు గట్టి నమ్మకం.

ముఖ్యమైన పని ఒకటుంది, ఎవరూ చెప్పరు. మీ కారులో దూరం చూపించే మీటరుని పోటీ పెట్టినవాళ్ళ కొలతతో సరిచూసుకోవడం. మొదట్లో వాళ్ళే కొంత దూరం కొలిచి ఇస్తారు. మా అంబాసిడర్ వాళ్ళ 10 కిలోమీటర్లకి 10.3 చూపించింది. ఆ 300 మీటర్లు 36 వేగంలో 30 సెకన్లు. టైరు అరిగినా, గాలి తగ్గినా ఈ తేడా మారుతుంది. హైవే మీద కిలోమీటరు రాళ్ళు చూసి సరిచేసుకుందాం అనుకోకండి, రోడ్లు వెడల్పు చేశాక ఏ రాయి ఎక్కడుందో దానికే తెలియదు. మనకి వాళ్ళ కొలతే వేదం, అది తప్పయినా సరే.

ముమ్మిడివరం దాటాక మధ్యాహ్నం ఎండకి పెట్రోలు పైపులోనే ఆవిరై కారు ఆగిపోయింది. తడి తువ్వాలు పంపు మీద వేసి కూర్చున్నాం. మావయ్యగారు దీనికి ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే కారణమంటారు. ఆ ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని తినేస్తుందన్నది నిజమే, మేం అన్నీ మార్పించుకోవాల్సి వచ్చింది. ఇంకో బాధ: 2021 నుంచి యాభై ఏళ్ళు దాటినవాటికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. మాది 1984ది, ఆ గౌరవానికి ఇంకా కుర్రది. మామూలు రోడ్డుకేమో ముసలిది. ఫిట్‌నెస్ చూపించుకుని అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ఉన్నవాటినైనా కాస్త ప్రేమగా చూడకూడదా?

మీ ప్రశ్నకొస్తే, చేయగలరు. ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఎవరినైనా గతుకుల గట్టు రోడ్డు మీద గంటసేపు కారు నడపమని, మీరు తల దించుకుని చిన్న అక్షరాలు చదవండి. వికారం రాకపోతే సగం నావిగేటరు అయినట్టే. పెన్సిళ్ళు రెండు మూడు పెట్టుకోండి, పెన్ను ఎండకి కారుతుంది. ఒకే టైము చూపించే గడియారాలు రెండు తీసుకెళ్ళండి. అట్టకి క్లిప్పు ఉండాలి, లేకపోతే అంబాసిడర్ బెంచీ సీటు మీద పుస్తకం డ్రైవరు ఒళ్ళోకి జారిపోతుంది. కారు ఏదో, మీటరు ఎంత తేడా చూపిస్తోందో కింద రాయండి, ఏ వేగానికి ఎన్ని సెకన్లో పట్టిక వేసి పెడతాను.