ఇంజన్‌లో టకటక: టాపెట్టా, బేరింగా?

ప్రశ్న: మా పెట్రోలు కారుకు 18 ఏళ్లు నిండాయి. కొన్ని నెలలుగా ఇంజన్ స్టార్ట్ చేయగానే కుట్టుమిషను నడిచినట్టు టిక్కుటిక్కుమనే శబ్దం వస్తోంది. వేడెక్కాక బాగా తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. టాపెట్లు సరిచేస్తే చాలని ఒక మెకానిక్ అన్నారు. బేరింగులు అరిగిపోయాయనీ, ఇంజన్ విప్పక తప్పదనీ మరొకరు అంటున్నారు. ఇంజన్ విప్పకుండానే వీరిలో ఎవరి మాట నిజమో తెలుసుకునే వీలుందా?

జవాబు: వీలుంది. టాపెట్లు ఇంజన్ వాల్వులను నొక్కి తెరిచే భాగాలు, బేరింగులు లోపల తిరిగే ఇరుసులను మోసే భాగాలు. ఇంజన్‌లో ఏ మూల పుట్టిన చప్పుడైనా లోహం వెంట పాకి పైమూత దగ్గరే పుట్టినట్టు వినిపించవచ్చు కాబట్టి, బానెట్ ఎత్తి విన్న ఇద్దరు అనుభవజ్ఞులు రెండు రకాలుగా చెప్పడంలో వింత లేదు. మీరు రాసిన లక్షణాలను బట్టి బేరింగుల మీద అనుమానం బలంగా లేదు. అరిగిన బేరింగు సాధారణంగా ఇంజన్ వేడెక్కి ఆయిలు పలచబడేకొద్దీ గట్టిగా కొడుతుంది. మీ కారులో జరుగుతున్నది దానికి తలకిందులు. అయినప్పటికీ చెవిని మాత్రమే నమ్మి ఇంజన్ విప్పడం గాని, విప్పనక్కరలేదని తేల్చేయడం గాని సరికాదు. పెద్దగా ఖర్చు లేని పరీక్షలన్నీ ముగిశాకే పానా పట్టాలి.

మొదట ఆయిలు చూడాలి. బండిని చదునైన చోట నిలిపి, ఇంజన్ ఆపిన కొన్ని నిమిషాలకు డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. మట్టం కింది గీతకు బాగా దిగువన ఉంటే మలుపుల్లోనూ, బ్రేకు వేసినప్పుడూ ఆయిలు పంపు గాలి పీల్చుకునే ప్రమాదం ఉంది. ఆయిలు ఒత్తిడితో పనిచేసే టాపెట్లు, అంటే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉన్న ఇంజన్‌లో టిక్కుటిక్కుకు ఈ ఒక్క కారణమే చాలు. పై గీత దాటించి పోయడం కూడా తప్పే. పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, ఆయిలును చిలికి నురగ చేస్తే, ఆ గాలి లిఫ్టర్లలో చేరి అదే శబ్దం పుట్టిస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగడం లేదు గదా అని ధీమా పడకూడదు. ఆ దీపం ఒత్తిడి దాదాపు అడుగంటినప్పుడే వెలుగుతుంది. ఆ దీపాన్ని వెలిగించే ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో గేజీ బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) ఒకసారి, వేగం పెంచి మరొకసారి ఒత్తిడి చదివి, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతో పోల్చాలి. మాన్యువల్ దొరకని పక్షంలో ప్రతి 1000 ఆర్‌పీఎంకు (నిమిషానికి చుట్లు) సుమారు 10 పీఎస్‌ఐ ఒత్తిడి ఉండాలనే పాత లెక్క అంచనాకు పనికొస్తుంది గాని అన్ని ఇంజన్లకూ అది వర్తించదు. శబ్దంతో పాటు దీపం కూడా మిణుకుమంటుంటే మాత్రం ఇంజన్ అక్కడికక్కడే ఆపి, బండిని లాగించుకునే వెళ్లాలి.

తర్వాత గమనించవలసింది లయ. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. ఐడిలింగ్ 800 ఆర్‌పీఎం అనుకుంటే, వదులైన ఒక్క వాల్వు నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకు ఆరేడు సార్లు కొడుతుంది. క్రాంక్‌షాఫ్ట్ ప్రతి చుట్టుకూ కొట్టే చప్పుడైతే సెకనుకు 13 దాకా వస్తుంది. ప్లగ్గులకు స్పార్క్‌ను పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత ఇంజన్‌లో దీన్ని కంటితోనే చూడవచ్చు: స్పార్క్ పడినప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటును ఒక ప్లగ్ వైరుకు తగిలిస్తే అది రెండు చుట్లకు ఒకసారి మెరుస్తుంది, మెరుపుకొక టిక్కు చొప్పున పడుతుంటే చప్పుడు క్యామ్ వేగంతో వస్తున్నట్టు. అయితే పిస్టన్ చప్పుడు కూడా ఇంధనం మండే స్ట్రోకులోనే గట్టిగా వినబడవచ్చు కాబట్టి లయను ఒక సూచనగానే తీసుకోవాలి.

మీ కారు విషయంలో ఇద్దరు మెకానిక్‌లూ ప్రస్తావించని అనుమానితుడు ఇంకొకడున్నాడు. ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల కూడలి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. దాని అతుకులోని గ్యాస్కెట్ కాలిపోయినా, స్టడ్డు విరిగినా, మానిఫోల్డ్ చిట్లినా, ఆ సందులోంచి పొగ చిమ్మిన ప్రతిసారీ అచ్చం టాపెట్ చప్పుడే వినిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా కొట్టి, లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకునేకొద్దీ తగ్గిపోవడం దీని ప్రత్యేక లక్షణం. మీరు రాసినదీ దాదాపు అదే. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను ఉదయం స్టార్ట్ చేసి, రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొనను మానిఫోల్డ్ అతుకు వెంట మెల్లగా జరుపుతూ వినండి. లీకు ఉన్న చోట ‘టప్పుటప్పు’మనే చప్పుడు గొట్టంలోంచి స్పష్టంగా వస్తుంది. ఇంజన్ ఆపాక టార్చి వేసి చూస్తే గ్యాస్కెట్ అంచున నల్లటి మసి చార కూడా కనిపించవచ్చు. స్పార్క్ ప్లగ్ వదులైనా ఇటువంటి శబ్దమే వస్తుంది కనుక, చల్లారాక ప్లగ్గుల బిగింపు కూడా చూసుకోవాలి. ఫ్యాను, బెల్టుల దగ్గర వేలాడే దుస్తులతో ఈ పని చేయకూడదని వేరే చెప్పనక్కరలేదు.

అక్కడ లోపం లేకపోతే అప్పుడు టాపెట్ల వంతు. సర్దుబాటు చేసుకునే టాపెట్లు ఉన్న ఇంజన్ అయితే ఫీలర్ గేజితో (సందులు కొలిచే పలచటి రేకుల కట్ట) ప్రతి వాల్వు సందునూ కొలిపించండి. ఈ సందు మిల్లీమీటరులో పదో వంతుల్లో ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉండగా కొలవాలో, వేడిగా ఉండగా కొలవాలో మాన్యువలే చెప్పాలి. వాల్వులను నొక్కే రాకర్లనే మీటలు ఉన్న పాత ఇంజన్లలో ఒక చక్కటి పరీక్ష ఉంది. పైమూత తీసి, ఇంజన్‌ను ఐడిలింగ్‌లో ఉంచి, పలచటి ఫీలర్ బ్లేడును రాకర్ కొసకూ వాల్వు కాడకూ మధ్య జాగ్రత్తగా దూర్చుతారు. ఏ వాల్వు దగ్గర బ్లేడు దూరగానే టిక్కు ఆగిపోతుందో దోషి ఆ వాల్వే. ఆయిలు చిందుతుంది, చేతికి దెబ్బ తగిలే అవకాశమూ ఉంది. చేయి తిరిగినవారికే వదిలేయండి. ఒక హెచ్చరిక: చప్పుడు పూర్తిగా పోయేదాకా టాపెట్లు బిగించమని మెకానిక్‌ను ఒత్తిడి చేయవద్దు. అతిగా బిగించిన వాల్వు నిశ్శబ్దంగానే ఉంటుంది గాని సరిగా మూసుకోక, వేడి వదిలించుకోలేక కాలిపోతుంది. కాస్త చప్పుడు చేసే వాల్వే నయం. హైడ్రాలిక్ లిఫ్టర్లకు సాధారణంగా సర్దుబాటు ఉండదు. సరైన గ్రేడు ఆయిలు, ఇంజన్ ఆగాక ఆయిలును వెనక్కి జారనివ్వని వాల్వున్న ఫిల్టరు వేయించి, కొన్ని రోజులు నడిపి చూడాలి. స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లలో ఆగిపోయే టిక్కు గురించి దిగులు అక్కరలేదు.

ఇక బేరింగు సంగతి. పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కడ్డీ కన్‌రాడ్, దాని బేరింగు చప్పుడు టిక్కు కంటే బరువుగా, లోపలినుంచి సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. వేడెక్కిన ఇంజన్‌ను న్యూట్రల్‌లో 2000 నుంచి 2500 ఆర్‌పీఎం దాకా మెల్లగా పెంచి, క్షణం నిలిపి, యాక్సిలరేటర్ కొద్దిగా వదలండి. భారం ఒకవైపు నుంచి రెండోవైపుకు మారే ఆ క్షణంలోనే అది బయటపడుతుంది. అప్పుడు ఒక్కొక్క సిలిండరునూ పనిచేయకుండా ఆపి చూస్తారు. ఇంజెక్టర్లున్న కారులో ప్లగ్ వైరు పీకడం కంటే ఇంజెక్టర్ కనెక్టర్ తీయడం మంచిది, లేకపోతే మండని పెట్రోలు పొగ గొట్టంలో ఉండి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. ఏ సిలిండరు ఆపితే చప్పుడు బాగా తగ్గుతుందో ఆ సిలిండరు కన్‌రాడ్ బేరింగునో పిస్టన్‌నో అనుమానించాలి. ఎగ్జాస్ట్ లీకు కూడా సిలిండరు ఆపగానే తగ్గుతుంది. ఆ పరీక్ష ముందే ముగించమన్నది ఇందుకే. చల్లగా ఉన్నప్పుడు డొల్లగా కొట్టి, వేడెక్కాక పూర్తిగా మాయమయ్యేది పిస్టన్ వదులు చప్పుడు. దానితో బండి చాలాకాలం నడుస్తుంది.

అనుమానం ఇంకా తీరకపోతే ఆయిలు తీయించి, తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. ఫిల్టరును కోసి, లోపలి కాగితపు మడతలు విప్పి పరచండి. మడతల మధ్య తళుకు రేణువులు కనిపిస్తే అయస్కాంతం దగ్గరికి తీసుకురండి: అంటుకునేవి ఇనుము, ఉక్కు, అంటుకోనివి అల్యూమినియం, రాగి, తగరం వంటివి, ఇవి ఎక్కువగా బేరింగు షెల్లుల పూతనుంచి రాలినవే. అవి ధారాళంగా ఉంటే రెండో మెకానిక్ మాటే నిజం, బండిని ఇక నడపకూడదు. లేకపోతే, ఇంజన్ దించే ముందు బయటి భాగాల్లో ఒక్కటీ మిగలకుండా చూడమనండి. బయటి బెల్టు తీసి, టైమింగ్ బెల్టును ముట్టుకోకుండా, అర నిమిషం పాటు ఇంజన్ నడిపితే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెషర్, పుల్లీల చప్పుళ్లు వేరుపడతాయి. ఆటోమేటిక్ గేర్ల బండిలో ఇంజన్‌ను గేర్‌బాక్సుకు కలిపే ఫ్లెక్స్‌ప్లేటు చిట్లినా, దాని బోల్టులు వదులైనా బేరింగు కొట్టినట్టే ఉంటుంది. అది తెలియక మంచి ఇంజన్లను విప్పేస్తుంటారు.

ప్రశ్న: నా పాత కారు మామూలు రోడ్డు మీద నిశ్శబ్దంగా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే మాత్రం గోళీలు గలగలమన్నట్టు శబ్దం వస్తుంది. ఇది కూడా బేరింగేనా?

జవాబు: కాకపోవచ్చు. భారం మీద మాత్రమే వచ్చి, కాలు తీయగానే ఆగిపోయే గలగల దాదాపు ఎప్పుడూ దహనానికి సంబంధించినదే. స్పార్క్ వెలిగించిన మంట సిలిండరులోని దహన గది అంతా పాకేలోపు, మూలన మిగిలిన పెట్రోలు, గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటే ఈ చప్పుడు పుడుతుంది. తయారీదారు చెప్పిన దానికంటే తక్కువ ఆక్టేన్ (ఇలా తనంతట తాను అంటుకోకుండా నిలిచే శక్తి) ఉన్న పెట్రోలు, స్పార్క్ మరీ ముందే పడేలా జరిగిన ఇగ్నిషన్ టైమింగ్, పిస్టన్ తల మీద పేరుకున్న మసి, పెట్రోలు పాలు తగ్గి పలచబడిన మిశ్రమం, సరిగా చల్లబడని ఇంజన్, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. తదుపరి ట్యాంకు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుతో నింపి అదే ఎత్తు ఎక్కి చూడండి. శబ్దం తగ్గితే టైమింగ్, మసి, కూలెంట్ వరుసగా చూపించండి. అప్పటిదాకా ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గేరు తగ్గించి నడపాలి. ఈ గలగలను ఎక్కువ కాలం పట్టించుకోకపోతే పిస్టన్ అంచులు విరగవచ్చు, హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు.

ప్రశ్న: మా పాత డీజిల్ వ్యానులో ఒక సిలిండరు మిగతావాటికంటే గట్టిగా కొడుతోంది. చిక్కటి ఆయిలు పోస్తే సరిపోతుందని సలహా ఇచ్చారు. పోయవచ్చా?

జవాబు: కారణం తెలియకుండా పోయవద్దు. చిక్కటి ఆయిలు అరిగిన బేరింగు చప్పుడును కొంతకాలం కప్పుతుంది గాని అరుగుదలను ఆపదు. పైగా చల్లటి ఇంజన్‌లో అది పై భాగాలకు ఆలస్యంగా చేరుతుంది. డీజిల్ ఇంజన్‌లో ఒక్క సిలిండరే కొడితే మొదట ఇంజెక్టర్‌ను అనుమానించాలి, ఎందుకంటే నాజిల్ ధారగా కారినా, సమయానికి ముందే తెరుచుకున్నా ఇంధనం ఒక్కసారిగా మండి గట్టిగా కొడుతుంది. మెకానికల్ పంపు ఉన్న ఇంజన్ అయితే, ఐడిలింగ్‌లో ఒక్కొక్క ఇంజెక్టర్ పైపు నట్టును కొద్దిగా వదులుచేసి, ఏ సిలిండరు దగ్గర చప్పుడు తగ్గుతుందో పట్టుకుని, ఆ ఇంజెక్టర్‌ను పక్క సిలిండరులోని దానితో మార్చి చూస్తారు. చప్పుడు ఇంజెక్టర్‌తో పాటు పక్కకు వెళ్తే లోపం ఇంజెక్టర్‌ది. ఉన్నచోటే ఉంటే కింద పిస్టన్, బేరింగు చూడాలి. మీది కామన్ రైల్ ఇంజన్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే అధిక ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందేది) అయితే మాత్రం ఇంజన్ నడుస్తుండగా ఆ నట్టును ఎవరినీ ముట్టుకోనివ్వకండి. అందులో ఒత్తిడి 1000 బార్ దాటి ఉండవచ్చు, సన్నటి ధార చర్మాన్ని చీల్చి డీజిల్‌ను లోపలికి పంపగలదు. అటువంటి గాయం పైకి చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ ఇంజన్లలో సిలిండర్లను స్కానర్‌తోనే ఒక్కొక్కటిగా ఆపి చూడాలి.