మూడో పేజీలో వెన్నెల

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేజీ దగ్గర కోపమొచ్చి పక్కన పెట్టేశాను. రాత్రి నిద్ర పట్టక మళ్ళీ తీశాను. గ్రీకు పురాణంలో వేటదేవత ఆర్టెమిస్ స్నానం చేస్తుండగా చూసి, ఆమె శాపంతో దుప్పిగా మారిన వేటగాడు ఆక్టియాన్, పరుగెత్తుకొచ్చిన తన వేటకుక్క తల నిమరబోతే చేతికి బదులు గిట్ట లేచిందని రాశావు. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం. ఎందుకంటే ఆ వెంటనే కుక్కల్ని వదిలేసి ఆకాశంలోకి వెళ్ళిపోయావు. మూడో పేజీ నిండా వెన్నెలే. ఆర్టెమిస్ చంద్రబింబంలోంచి దిగొచ్చి, అతన్ని సొంత కుక్కల చేతే చంపించినందుకు కుమిలి కుమిలి ఏడ్చింది.

గ్రీకుల చంద్రదేవత సెలీనీ అమ్మా. పాత గ్రీకు కవి హీసియడ్ లెక్కలో ఆమె హైపీరియన్ కూతురు. ఆర్టెమిస్ లీటో కూతురు, అపోలోకి కవల. ఈ ఇద్దరూ కలిసిపోయింది తర్వాతి కాలంలో. రోమన్లు ఆర్టెమిస్‌తో ఒకటిగా చూసిన డయానా వల్ల ఆ కలయిక ఇంకా గట్టిపడింది. 2019లో నాసా తన చంద్రయాత్రలకు ఆర్టెమిస్ పేరు పెట్టింది కదా, ఇక అందరికీ ఆమె చంద్రదేవతే. అసలు వెన్నెలే వద్దని నేననను. ఏథెన్స్ దగ్గర మునీకియాలో ఆమె పండుగ పున్నమి రోజుల్లో వచ్చేది, చుట్టూ దీపాలు గుచ్చిన రొట్టె నైవేద్యం పెట్టేవారు. ఆ రొట్టె రాసి ఉంటే నీ వెన్నెలని నమ్మేవాణ్ణి.

హోమర్ ఆర్టెమిస్‌కి వెన్నెలతో పని లేదు. అతని ఇలియడ్ కావ్యం 21వ సర్గలో దేవతల రాజు జ్యూస్ భార్య హీరా ఆమె విల్లు లాక్కుని దానితోనే చెవుల మీద బాదుతుంది. బాదేముందు ఒక మాటంటుంది: జ్యూస్ నిన్ను ఆడవాళ్ళ పాలిట సింహాన్ని చేశాడు అని. ఆ రోజుల్లో ఆడమనిషి ఉన్నట్టుండి చనిపోతే ఆర్టెమిస్ బాణం తగిలిందనేవారు. పురిటి నొప్పుల్లో పిలిచేదీ ఆమెనే. గ్రీకు కవి కాలిమాకస్ పాటలో ఆమె చిన్నపిల్లగా తండ్రి జ్యూస్ ఒళ్ళో కూర్చుని విల్లు అడుగుతుంది, పెళ్ళి లేని బతుకు అడుగుతుంది, కొండలన్నీ అడుగుతుంది. ఊళ్ళలోకి ఎప్పుడో గాని రానంటుంది, కాన్పు కష్టమై ఆడవాళ్ళు పిలిస్తేనే వస్తానంటుంది. కాపాడమని ఎవరిని పిలుస్తున్నారో, చంపేది కూడా ఆమే. ఇంత భయం చేతిలో పెట్టుకుని నువ్వు ఆమెతో కన్నీళ్ళు పెట్టించావు.

ఏథెన్స్‌కి తూర్పున సముద్రం దగ్గర బ్రౌరాన్ అని ఆమె గుడి ఉంది. 1948లో తవ్వకాలు మొదలయ్యాయి. అక్కడ చిన్న ఆడపిల్లలు ఆమె సేవలో 'ఎలుగుబంట్లు'గా ఉండేవారు, కుంకుమపువ్వు రంగు బట్టలు కట్టేవారు. ఆడవాళ్ళు సమర్పించిన బట్టల జాబితాలు రాళ్ళ మీద చెక్కించారు. ఫలానా ఆమె ఇచ్చింది, ఇన్ని అంచులు, ఈ రంగు. సగం నేసినవి కూడా ఉన్నాయి అందులో. కాన్పులో పోయిన ఆడవాళ్ళ బట్టలు బ్రౌరాన్‌లో ఆ గుడి పూజారిణి ఇఫిజినియాకి చెందుతాయని యూరిపిడీస్ నాటకంలో ఎథీనా దేవత చెబుతుంది. మగ్గం మీద సగంలో ఆగిన బట్ట ఎవరిదో, ఎందుకు ఆగిందో ఆలోచించు. నలభై ఏళ్ళుగా నేను అందరికీ చెబుతున్నది ఇదే, నీకూ చెబుతున్నాను: దేవత గురించి రాయాలంటే ముందు మొక్కుకున్నవాళ్ళ చేతులు చూడు. ఏం పట్టుకొచ్చారు, ఎందుకు పట్టుకొచ్చారు. ఆమె ముఖం సంగతి తర్వాత.

నా ఇరవై మూడో ఏట ఒక కథ రాశాను. అమావాస్య రాత్రి మా మేనత్తని నొప్పులతో గూడుబండిలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళిన కథ. లాంతరు ఆరిపోయింది. చీకట్లో మా నాన్న ఎద్దుల ముందు నడుస్తూ కాళ్ళతో దారి వెతుక్కున్నాడు. ఆ కథకి చీకటే ప్రాణం. ఒక వారపత్రిక వేసుకుంది. అచ్చులో చూస్తే మొదటి వాక్యం 'పండువెన్నెల కురుస్తోంది' అని ఉంది. బొమ్మ గీసినాయన చంద్రుణ్ణి గీశాడట, అందుకని సంపాదకుడు నా వాక్యం మార్చాడు. అడిగితే, పాఠకులు చీకటిని భరించలేరయ్యా అన్నాడు. మా అత్త ఆ బండిలోనే పోయింది. వెన్నెల ఉంటే దారి కనిపించేది, ఆమె బతికేదేమో కూడా. ఆ పత్రికకి మళ్ళీ కథ పంపలేదు. రెండేళ్ళు ఎక్కడికీ పంపలేదు. ఇప్పటికీ వెన్నెలతో మొదలయ్యే కథ కనిపిస్తే నాకు టెన్షన్ వస్తుంది. నీ మూడో పేజీ మీద కోపంలో అది కూడా ఉందేమో.

 

ఇక కుక్కలు. రోమన్ కవి ఓవిడ్ వాటికి ముప్పైకి పైగా పేర్లు ఇచ్చాడు. ముందు మొరిగిన వాటిలో ఒకదాని పేరు మెలాంపస్, అంటే నల్లకాళ్ళది. నీ కథలో ఒక్క కుక్కకీ పేరు లేదు. గ్రీకు పురాణకథలు కూర్చిన అపొలోడోరస్ చెప్పిన కథలో ఇంకో ముక్క ఉంది, అది నీ కంట పడలేదు. యజమానిని చీల్చేసిన కుక్కలు ఆ తర్వాత అతని కోసమే ఊళపెడుతూ వెతికాయి. వెతుక్కుంటూ, సగం మనిషి సగం గుర్రమైన ఆక్టియాన్ గురువు కైరాన్ గుహ దాకా వెళ్ళాయి. అతను ఆక్టియాన్ బొమ్మ చేసి పెడితే గాని అవి ఊరుకోలేదు.

మూడో పేజీ తీసేసి అక్కడి నుంచి రాయి. బొమ్మ దగ్గరికి ముందు ఏ కుక్క వెళ్ళింది, ఏం వాసన చూసింది, ఎక్కడ పడుకుంది. రాశాక పంపు, ఎంత రాత్రయినా చదువుతాను.