ఎగుమతి లెక్క ఒకటి, దిగుమతి లెక్క ఇంకొకటి: వాణిజ్య గణాంకాల్లో కెరీర్‌కు దారేది?

ప్రశ్న: ఎకనామిక్స్‌తో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం రెండు దేశాల మధ్య వ్యాపారం లెక్కలు తీశాను. ఒక దేశం ఎగుమతి చేశానని చెప్పే మొత్తానికీ, రెండో దేశం దిగుమతి చేసుకున్నానని చెప్పే మొత్తానికీ పొంతనే లేదు. డేటా తప్పా, నా పద్ధతి తప్పా? నాకు ఈ రంగంలోనే ఉద్యోగం చేయాలని ఉంది. సరుకులను గుర్తించడానికి కస్టమ్స్ వాడే హెచ్‌ఎస్ కోడ్‌లన్నీ బట్టీ పట్టాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: రెండు లెక్కలూ సరైనవే అయ్యుండొచ్చు. ఒకే సరుకుకు రెండు సరైన అంకెలు ఎలా వస్తాయో చెప్పగలగడమే ఈ రంగంలో అసలు పని. కాబట్టి మీకు ఎదురైన చిక్కును వదిలేయకండి, దాన్నే ప్రాజెక్టుగా మార్చుకోండి. కోడ్‌లు బట్టీ పట్టనక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా వర్గీకరణ చేస్తున్నవాళ్లు కూడా పుస్తకం తెరిచే చూస్తారు. చూడకుండా చెప్పేవాళ్లతోనే ప్రమాదం.

ముందు తేడా ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఎగుమతిని సాధారణంగా ఎఫ్‌ఓబీ విలువలో రాస్తారు. అంటే పంపే దేశపు సరిహద్దు వరకు అయిన విలువ. దిగుమతిని ఎక్కువ దేశాలు సీఐఎఫ్ విలువలో రాస్తాయి. అందులో ఓడ కిరాయి, బీమా కలిసి ఉంటాయి. సరుకు విలువ 100 డాలర్లు, కిరాయి, బీమా కలిపి 7 డాలర్లు అనుకుంటే పంపినవాళ్ల పుస్తకంలో 100, అందుకున్నవాళ్ల పుస్తకంలో 107. ఇక్కడ ఎవరూ తప్పు రాయలేదు.

ఇప్పుడు మధ్యలోకి మూడో దేశపు వ్యాపారిని తీసుకురండి. 'క' దేశం సరుకును అతను 100కు కొని తన దేశానికి తెప్పించుకున్నాడు, తర్వాత 'గ' దేశానికి 118కి అమ్మాడు. 'క' దేశం తనకు తెలిసిన చివరి గమ్యాన్నే రాస్తుంది కాబట్టి, అక్కడి లెక్కలో ఇది వ్యాపారి దేశానికి 100 ఎగుమతి. 'గ' దేశం మాత్రం దిగుమతిని సరుకు పుట్టిన దేశం పేరు మీద రాస్తుంది. దాని లెక్కలో 'క' నుంచి వచ్చింది 118, దానిపై కిరాయి 7, మొత్తం 125. మీరు 'క', 'గ' లెక్కలను పక్కపక్కన పెడితే ఒకవైపు సున్నా, మరోవైపు 125 కనిపిస్తాయి. హాంకాంగ్, సింగపూర్, రోటర్‌డామ్ లాంటి రేవుల మీదుగా వెళ్లే సరుకుల్లో ఇది నిత్యం జరిగేదే. దీనికి తోడు డిసెంబరు చివర్లో బయల్దేరిన ఓడ జనవరిలో చేరితే ఒకరికి అది నిరుటి ఎగుమతి, ఇంకొకరికి ఈ ఏటి దిగుమతి.

ఇంకో కారణం, విద్యార్థులు అంతగా పట్టించుకోనిది: కొన్ని దేశాలు జనరల్ ట్రేడ్ పద్ధతిలో, కొన్ని స్పెషల్ ట్రేడ్ పద్ధతిలో లెక్కిస్తాయి. మొదటి పద్ధతిలో కస్టమ్స్ గిడ్డంగుల్లోకి, ఫ్రీ జోన్లలోకి వచ్చిన సరుకు కూడా దిగుమతే. రెండో పద్ధతిలో అది అక్కడినుంచి దేశీయ మార్కెట్‌లోకి విడుదలైనప్పుడే లెక్కకెక్కుతుంది. సరుకుల వాణిజ్య గణాంకాలపై ఐక్యరాజ్యసమితి 2010లో ఇచ్చిన సిఫార్సులు జనరల్ ట్రేడ్‌నే వాడమంటాయి. అయినా ఏ దేశం ఏ పద్ధతి పాటిస్తుందో ఆ దేశం ఇచ్చే వివరణ పత్రంలో చూసుకోవాల్సిందే. అది చదవకుండా అంకెలు డౌన్‌లోడ్ చేసుకుంటే సగం తప్పు అప్పుడే జరిగిపోయినట్టు.

ఇక కోడ్‌ల సంగతి. హెచ్‌ఎస్ అంటే హార్మోనైజ్డ్ సిస్టమ్. దాన్ని నిర్వహించేది ప్రపంచ కస్టమ్స్ సంస్థ. ఒప్పందం 1983లో కుదిరింది, 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆరు అంకెల్లో మొదటి రెండు చాప్టర్, నాలుగు హెడింగ్, ఆరు సబ్‌హెడింగ్. 09 అంటే కాఫీ, టీ, మసాలా దినుసులు. 0901 అంటే కాఫీ. 090111 అంటే వేయించని, కెఫీన్ తీయని కాఫీ. వేయించి పొడి చేసినా అది 0901లోనే ఉంటుంది, కానీ ఇన్‌స్టంట్ కాఫీ అయితే 2101కి, వేరే చాప్టర్‌కి వెళ్లిపోతుంది. ఆ ఆరు అంకెల తర్వాత వచ్చేవి ఏ దేశానికాదేశం చేర్చుకున్నవి. కొన్నిచోట్ల ఎనిమిది, కొన్నిచోట్ల పది. అందుకే రెండు దేశాలను పోల్చేటప్పుడు ఆరు అంకెలు దాటకండి. ఒక దేశపు ఎనిమిదంకెల కోడ్ ఇంకో దేశంలో పూర్తిగా వేరే వస్తువు కావచ్చు.

వర్గీకరణకు ఆరు సాధారణ నియమాలున్నాయి. వాటిని మాత్రం క్షుణ్ణంగా నేర్చుకోండి, పైగా వరుస తప్పకుండా వాడండి. మొదటి నియమం ప్రకారం హెడింగ్ మాటలు, సెక్షన్, చాప్టర్ నోట్సే శాసనం; చాప్టర్ పేరు కేవలం దారి చూపడానికి. రెండో నియమం వల్ల విడిభాగాలుగా పెట్టెలో వచ్చిన సైకిల్ కూడా సైకిలే. ఒక వస్తువుకు రెండు హెడింగ్‌లు సరిపోయేలా కనిపిస్తే మూడో నియమం: ముందు ఏది ఎక్కువ నిర్దిష్టమో చూడాలి, అలా తేలకపోతే వస్తువుకు అసలు స్వభావాన్నిచ్చేది ఏదో చూడాలి, అదీ తేలకపోతే అంకెల వరుసలో చివరిది. కరెంటు క్లిప్పర్, దువ్వెన, కత్తెర, బ్రష్, తువ్వాలు కలిపి తోలు పెట్టెలో అమ్మే క్షౌరం సెట్‌కు అసలు స్వభావాన్నిచ్చేది క్లిప్పరే కాబట్టి సెట్ మొత్తం 8510 కిందికి వస్తుంది. కొత్తవాళ్లు చేసే తప్పు ఏమిటంటే, నేరుగా మూడో నియమానికి దూకి 'అసలు స్వభావం' గురించి వాదన మొదలుపెట్టడం. చాలాసార్లు జవాబు చాప్టర్ నోట్‌లో ఒక్క వాక్యంలో ఉంటుంది.

ఈ పని ఉద్యోగంగా దొరికేది కస్టమ్స్ శాఖల్లో, కస్టమ్స్ బ్రోకర్ల దగ్గర, సరుకు రవాణా సంస్థల్లో, పెద్ద తయారీ కంపెనీల్లో వాణిజ్య నిబంధనల అమలు చూసే ట్రేడ్ కంప్లయన్స్ విభాగాల్లో. ఇక్కడ ఎకనామిక్స్ కంటే వస్తువు గురించిన జ్ఞానం ఎక్కువ పనికొస్తుంది. 29వ చాప్టర్ సేంద్రియ రసాయనాలకు కెమిస్ట్రీ చదివినవాళ్లు, 84, 85 చాప్టర్ల యంత్రాలకు, విద్యుత్ పరికరాలకు ఇంజినీర్లు, 50 నుంచి 63 వరకున్న బట్టల చాప్టర్లకు టెక్స్‌టైల్ వాళ్లు నెగ్గుకొస్తారు. తప్పు కోడ్ వేస్తే తక్కువ కట్టిన సుంకం వడ్డీతో కట్టాలి, జరిమానా పడవచ్చు, సరుకు రేవులో నిలిచిపోవచ్చు. అనుమానం ఉన్నప్పుడు సరుకు రాకముందే ఏ కోడ్ వర్తిస్తుందో చెప్పమని కస్టమ్స్‌ను ముందస్తు తీర్పు అడిగే వీలుంది. 2017 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన వాణిజ్య సులభతర ఒప్పందం సభ్య దేశాలన్నీ వర్గీకరణపై ఇలాంటి తీర్పులు ఇవ్వాలంటుంది.

మీరు ఎకనామిక్స్ విద్యార్థి కాబట్టి రెండో దారి మీకు ఎక్కువ నప్పుతుందని నా అభిప్రాయం. అది గణాంక సంస్థలు, కేంద్ర బ్యాంకులు, వాణిజ్య మంత్రిత్వ శాఖలు, పరిశోధన సంస్థల దారి. ఇక్కడ సరుకులతో పాటు సేవలు కూడా వస్తాయి. లెక్క అసలు క్లిష్టమయ్యేది అక్కడే.

సేవకు రేవు లేదు, కస్టమ్స్ పత్రం లేదు. బ్యాంకు లావాదేవీల నివేదికలు, కంపెనీల సర్వేలు, ప్రయాణికుల సర్వేలతో కూడబెట్టాల్సిందే. చెల్లింపుల శేషం, అంటే ఒక దేశవాసులు బయటి దేశాలవాళ్లతో జరిపే లావాదేవీల మొత్తం లెక్క; దాని పద్ధతిని అంతర్జాతీయ ద్రవ్య నిధి మాన్యువల్ నిర్దేశిస్తుంది. ఆరో కూర్పు 2009లో, ఏడో కూర్పు 2025లో వచ్చాయి. ఆరో కూర్పును అనుసరించే వర్గీకరణలో సేవలకు 12 ప్రధాన పద్దులున్నాయి: రవాణా, ప్రయాణం, నిర్మాణం, బీమా, కంప్యూటర్ సేవలు, మేధో సంపత్తి వాడకం రుసుములు వగైరా. ఇక్కడ పౌరసత్వం చూడరు, నివాసం చూస్తారు. సాధారణంగా ఏడాది లేదా ఆపైన ఉంటే నివాసి. కానీ విదేశంలో చదువుకునే విద్యార్థి ఎన్నేళ్లున్నా సొంత దేశపు నివాసే. అతను కట్టే ఫీజు, గది అద్దె, తిండి ఖర్చు అన్నీ ప్రయాణ సేవల పద్దులోకే వెళ్తాయి. ఇంటర్వ్యూల్లో అడగడానికి అనువైన ప్రశ్న ఇది, గుర్తుంచుకోండి.

సరుకుల లెక్కలో కూడా కస్టమ్స్ గీత వేరు, చెల్లింపుల శేషం గీత వేరు. కస్టమ్స్ చూసేది సరిహద్దు దాటడాన్ని. చెల్లింపుల శేషం చూసేది యాజమాన్యం మారడాన్ని. 'క' దేశం కంపెనీ 60 విలువైన బట్టను 'గ' దేశానికి పంపింది. అక్కడివాళ్లు 15 తీసుకుని చొక్కాలు కుట్టి, 75 విలువైన సరుకును తిరిగి పంపారు. కస్టమ్స్ లెక్కలో 'గ' దేశానికి 60 దిగుమతి, 75 ఎగుమతి. చెల్లింపుల శేషంలో బట్ట యజమాని మారనేలేదు, కాబట్టి 'గ' దేశానికి 15 సేవా ఎగుమతి మాత్రమే. నికరం రెండింటిలోనూ 15, కానీ మొత్తం వ్యాపారం చూస్తే ఎంత తేడా! కస్టమ్స్ అంకెల్లో ఇలాంటివి తీసేసి, సీఐఎఫ్‌ను ఎఫ్‌ఓబీకి దించి సర్దుబాటు చేయకపోతే ఓడ కిరాయి ఒకసారి సరుకులోనూ ఇంకోసారి రవాణా సేవలోనూ పడుతుంది.

ప్రపంచ వాణిజ్య సంస్థ సేవల ఒప్పందం ఇంకో కోణంలో నాలుగు మార్గాలుగా చూస్తుంది: సేవ సరిహద్దు దాటడం, వినియోగదారు వెళ్లడం, కంపెనీ విదేశంలో శాఖ పెట్టడం, మనిషి వెళ్లి పనిచేసి రావడం. మూడో మార్గం వాటా మిగతా మూడింటినీ కలిపినదానికంటే ఎక్కువని ఆ సంస్థ అంచనా. కానీ అది చెల్లింపుల శేషంలో దాదాపుగా కనబడదు, ఎందుకంటే శాఖ తానున్న దేశపు నివాసి. దాన్ని విదేశీ అనుబంధ సంస్థల గణాంకాల్లో వెతకాలి. అందుకే సేవల వ్యాపారం మొత్తం ఎంత అని ఎవరైనా అడిగితే, ఏ కొలతలో అని ఎదురు ప్రశ్న వేయండి.

ఇప్పుడు పని. మొదటి నెల ఐక్యరాజ్యసమితి వాణిజ్య డేటాబేస్ కాంట్రేడ్ నుంచి మీరు తీసిన రెండు దేశాల డేటానే మళ్లీ, ఈసారి ఒకే ఒక్క హెడింగ్‌కు తీయండి. కోడ్‌లను స్ప్రెడ్‌షీట్‌లో అంకెగా కాక టెక్స్ట్‌గా తెరవండి. లేకపోతే 090111 ముందున్న సున్నా పోయి 90111 అవుతుంది, తర్వాత ఏ పట్టికతోనూ కలవదు. రెండంకెల, నాలుగంకెల, ఆరంకెల వరుసలను కలిపి కూడకండి, ఒకే సరుకు మూడుసార్లు పడుతుంది. ఎగుమతి మొత్తంలో పునరెగుమతి సాధారణంగా కలిసే ఉంటుంది, మళ్లీ చేర్చకండి. విలువను బరువుతో భాగించి యూనిట్ విలువ చూడండి. ఏదైనా నెలలో అది హఠాత్తుగా వెయ్యి రెట్లయితే ధర పెరగలేదు, కిలోల బదులు టన్నులు రాశారు.

రెండో నెల కూర్పుల మార్పు. హెచ్‌ఎస్‌ను అయిదారేళ్లకోసారి సవరిస్తారు. 2022 కూర్పులో 851712 రద్దయి స్మార్ట్‌ఫోన్లకు 851713, మిగతా ఫోన్లకు 851714 వచ్చాయి. పాత కోడ్‌నే పట్టుకుని 2019 నుంచి 2023 వరకు గ్రాఫ్ గీస్తే మొబైల్ వ్యాపారమే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. తర్వాతి కూర్పు 2028 జనవరిలో అమల్లోకి వస్తుంది, అప్పుడు కోడ్ పట్టికలు సరిచేసేవాళ్లు అన్నిచోట్లా కావాలి. ఆర్థిక విశ్లేషణకు వాడే మరో సరుకుల వర్గీకరణ ఎస్‌ఐటీసీతో హెచ్‌ఎస్‌ను జతచేసే పట్టికలు కూడా ఇక్కడే నేర్చుకోండి.

ఆ తర్వాత రెండు నెలలు డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌తో పాటు ఆర్ లేదా పైథాన్‌లలో ఒకటి, ద్రవ్య నిధి, ప్రపంచ వాణిజ్య సంస్థ ఉచితంగా ఇచ్చే ఆన్‌లైన్ కోర్సుల్లో చెరొకటి. ఖరీదైన సర్టిఫికెట్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ప్రాజెక్టు చివర ఒక పట్టిక పెట్టండి: రెండు దేశాల లెక్కల మధ్య తేడా మొత్తం ఎంత, అందులో సీఐఎఫ్ వల్ల ఎంత, మూడో దేశం మీదుగా వెళ్లినందువల్ల ఎంత, ఓడ ప్రయాణ సమయం వల్ల ఎంత, కారణం తేలనిది ఎంత. ఆఖరి వరుసను సున్నా చేయాలని చూడకండి. ఇలాంటి పట్టికలు రోజూ చూసేవాళ్లు ముందు అనుమానించేది ఆ సున్నానే.