ఊళ్లో బీపీ, షుగర్ చూసే ఉద్యోగం: ఏఎన్ఎం చేయించాలా, బీఎస్సీ నర్సింగా?

ప్రశ్న: మాది దుగ్గిరాల మండలం, పసుపు రైతులం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా ఊరి హెల్త్ క్లినిక్‌లో బీపీ, షుగర్ చూసి మందులిచ్చే మేడమ్ లాంటి ఉద్యోగమే చేస్తానంటోంది. కొందరు రెండేళ్ల ఏఎన్ఎం (సహాయక నర్సు) కోర్సు చాలంటున్నారు, కొందరు బీఎస్సీ నర్సింగ్ చేయించమంటున్నారు. ఆశాగా చేరితే ఈ చదువులెందుకని మా బంధువులు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆశా సంగతి చూద్దాం. ఆశాగా తీసుకునేది ఆ ఊళ్లోనే ఉండే, పెళ్లయిన లేదా భర్తను కోల్పోయిన, విడిపోయిన మహిళలను. వయసు 25 నుంచి 45 ఏళ్ల మధ్య ఉండాలి. సుమారు వెయ్యి జనాభాకు ఒకరు. 2019 నుంచి మన రాష్ట్రంలో గౌరవ వేతనం నెలకు 10 వేలు. ఊరి ఆరోగ్యం వాళ్ల కష్టం మీదే నడుస్తోంది. కానీ మీ అమ్మాయికి ఇప్పుడు ఆ అర్హత లేదు.

ఆమె చూసిన మేడమ్‌ను మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అంటారు, వేరే రాష్ట్రాల్లో సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్). మన రాష్ట్రంలో ఈ పోస్టులకు ప్రధానంగా బీఎస్సీ నర్సింగ్ వాళ్లనే తీసుకున్నారు. కాంట్రాక్టు ఉద్యోగమని తెలిసే దిగాలి. ఏఎన్ఎం పని వేరు. టీకాలు, గర్భిణుల చెకప్‌లు, బాలింతలు, వాటితో పాటు బీపీ, షుగర్ సర్వే కూడా. 2019లో వచ్చిన గ్రామ సచివాలయాల్లో ఏఎన్ఎం పోస్టులు పెట్టారు. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్) చదివిన పిల్లలు చాలామంది ఒకచోట ఇరుక్కుంటారు: ఏఎన్ఎం పోస్టుకు ఆ రెండేళ్లతో సరిపోదు, ప్రభుత్వాసుపత్రిలో ఏడాది క్లినికల్ ట్రైనింగ్, ఆపైన నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి. ఆ కాగితం లేకపోతే దరఖాస్తు పక్కన పడేస్తారు.

నాలుగేళ్లు చదివించే వీలుంటే బీఎస్సీ నర్సింగే చేయించండి. కాంట్రాక్టు కొనసాగకపోయినా స్టాఫ్ నర్సు పోస్టులు, మంగళగిరి ఎయిమ్స్ లాంటి చోట్ల నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష, ఎమ్మెస్సీ చేసి పాఠాలు చెప్పే దారి మిగులుతాయి. ఇంట్లోకి త్వరగా జీతం రావాల్సిన పరిస్థితి అయితే ఏఎన్ఎం తప్పు కాదు, తర్వాత జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేయవచ్చు.

ఇక అసలు పని. దూరం నుంచి చూస్తే ఇది మిషను పెట్టి అంకెలు రాసుకునే ఉద్యోగంలా కనిపిస్తుంది. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా ఒక ఫారం నింపుతుంది: వయసు, పొగాకు, మద్యం, నడుం చుట్టుకొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరుందా. స్కోరు 4 దాటితే ముందు పిలుస్తారు, మిగిలినవాళ్లకూ పరీక్ష చేయాలి. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి. అరగంట ముందు నుంచి టీ, బీడీ ఉండకూడదు. వీపు ఆనుకుని, పాదాలు నేలమీద, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. రెండుసార్లు చూసి రాయాలి. 140/90 అయినా, అంతకు మించినా పీహెచ్‌సీ డాక్టరుకు పంపాలి, 180/110 ఉంటే అదే రోజు. గ్లూకోమీటర్‌తో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. బెల్లమో, పండో తిన్న చేతిని కడగకుండా గుచ్చితే అంకె పెరుగుతుంది. వేలిని గట్టిగా పిండినా, స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేసినా రీడింగు తప్పుతుంది. ఎప్పుడు చూసినా షుగర్ 140 దాటితే నిర్ధారణ పరీక్షకు పంపాలి.

ఇవన్నీ కొన్ని వారాల్లో చేతికొస్తాయి. కష్టమంతా ఆ తర్వాత ఉంది. బీపీ ఉన్న మనిషికి ఒంట్లో ఏమీ అనిపించదు, నెల మందులు అయిపోగానే ఆపేస్తాడు. బీపీ మాత్ర ఎమ్లోడిపిన్‌తో కాళ్లు వాచాయని ఒకరు, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ పరగడుపున వేసుకుని విరేచనాలయ్యాయని ఇంకొకరు మానేస్తారు. మొదటివారిని డాక్టరుకు చూపించి మందు మార్పించాలి, రెండోవారికి తిన్నాక వేసుకోమని చెప్తే చాలావరకు సర్దుకుంటుంది. పరగడుపున షుగర్ పరీక్షకు రమ్మంటే బీపీ మాత్ర కూడా మానేసి వస్తారు. ఆ రోజు బీపీ ఎక్కువ కనిపిస్తుంది, అడగకుండా రాసుకుంటే అనవసరంగా డోసు పెరుగుతుంది. అందుకే "ఇవాళ మాత్ర వేసుకున్నారా?" అన్న ప్రశ్న మిషను పెట్టకముందే రావాలి.

గుంటూరు వైపు మిరప కోతలొస్తే జనం తెల్లారకముందే ఆటోలెక్కుతారు. పదింటికి క్లినిక్ తలుపు తీసి కూర్చుంటే ఎవరూ రారు, సాయంత్రం పేటలోకి వెళ్లాలి. కోతలకు దూరం వెళ్లేవాళ్ల చేతిలో ముందే సరిపడా మందులుండేలా డాక్టరుతో మాట్లాడాలి. షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని సద్దన్నం తినకుండా చేనుకెళ్లిన మనిషికి చెమటలు, వణుకు వస్తే అందరూ ఎండదెబ్బ అనుకుంటారు. షుగర్ 70 కంటే తగ్గితే స్పృహలో ఉన్నవాళ్లకు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108ని పిలవాలి. ఈ సంగతి ముఠా మేస్త్రికి కూడా నేర్పించడం ఈ ఉద్యోగంలో భాగమే. చెప్పుల్లేకుండా తిరిగే షుగర్ రోగుల వేళ్ల సందులు చూడటమూ అంతే. తిమ్మిరెక్కిన పాదానికి పుండు పడినా నొప్పి తెలియదు.

కాబట్టి మీ అమ్మాయిని అడగాల్సింది మార్కుల గురించి కాదు. మందు మానేసిన మనిషి గుమ్మం దగ్గరికి కోప్పడకుండా నాలుగోసారి వెళ్లగలదా? వేసవి సెలవుల్లో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ అనుమతి తీసుకుని, ఎంఎల్‌హెచ్‌పీ వెంట రెండు వారాలు ఇళ్లకు తిరగనివ్వండి. ఇష్టమో కాదో తనకే తెలుస్తుంది.

కాలేజీకి ఫీజు కట్టేముందు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితాల్లో దాని పేరుందో లేదో చూడండి. పిల్లల్ని ఏ ఆసుపత్రికి, ఏ పీహెచ్‌సీకి ట్రైనింగ్‌కు పంపుతారో అడగండి, సూటిగా చెప్పకపోతే వదిలేయండి. ఎంఎల్‌హెచ్‌పీ పోస్టుకు అవసరమైన కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ పాఠాలు కోర్సులోనే కలిసి ఉన్నాయా అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ప్రవేశాల పద్ధతి మారుతూ ఉంటుంది కనుక విజయవాడ హెల్త్ యూనివర్సిటీ ఈ ఏడాది నోటిఫికేషన్‌నే నమ్మండి, పోయినేడు చేరిన పిల్లలు చెప్పినదాన్ని కాదు.